మాస్టారి కెమెరా మీద నా అనుమానం

మాస్టారి దగ్గర కెమెరా కొన్న నెల తిరక్కుండానే, ఆయన నన్ను మోసం చేశారేమోనన్న అనుమానం నన్ను పట్టుకుంది. ఇప్పుడిది రాస్తుంటే చెంపలు వేసుకోవాలనిపిస్తోంది. అప్పుడు మాత్రం అన్నం కలుపుతున్నా అదే ఆలోచన, స్కూటర్ నడుపుతున్నా అదే ఆలోచన.

మాస్టారంటే బడిలో పాఠాలు చెప్పినాయన కాదు. విజయవాడ గవర్నర్‌పేటలో ఒక మేడ మీద చాలా ఏళ్లు ఫోటో స్టూడియో నడిపిన పెద్దమనిషి. డిగ్రీ అయిపోయి ఇంట్లో గోళ్లు గిల్లుకుంటూ కూర్చున్న రోజుల్లో, పాస్‌పోర్టు ఫోటోలు కత్తిరించే పనికని ఆయన దగ్గర చేరాను. ఆర్నెల్లు పోయాక ఒకరోజు కెమెరా నా చేతిలో పెట్టి, "కత్తెర చాల్లే. ఇంక ఇది పట్టుకో" అన్నారు. ఏ గదిలోకి వెళ్లినా ముందు వెలుగు ఎటునుంచి వస్తోందో చూడమనేవారు, మనుషుల్ని తర్వాత చూడొచ్చనేవారు. ఓణీల ఫంక్షన్లకీ సీమంతాలకీ ఆడ ఫోటోగ్రాఫర్ కావాలని అడిగేవాళ్లు పెరిగాక నేను సొంతంగా పని మొదలుపెట్టాను. మొదట్లో నాకొచ్చిన పిలుపులన్నీ ఆయన పంపినవే.

తర్వాత ఆయనకి చేతులు వణకడం మొదలైంది. కొన్నాళ్లు స్టాండు వేసి నెట్టుకొచ్చారు. చివరికి స్టూడియో మూసేసి, భార్యతో కంకిపాడు వెళ్లిపోయారు. వెళ్లేముందు నన్ను పిలిచారు.

"బయటివాళ్లకి ఇవ్వబుద్ధి కావట్లేదమ్మా. నీ పాత కెమెరా చీకటి పడితే గుడ్డిది. ఇది చీకట్లో కూడా చూస్తుంది. నువ్వు తీసుకుంటానంటే నీకే ఇస్తా."

తీసుకున్నాను. మొదటి పని పెళ్లి కాబోయే ఒక జంటకి కృష్ణలో ఇసక తిన్నెల మీద ఫోటోలు తీయడం. మిట్టమధ్యాహ్నం ఎండ. ఆ ఫోటోల్లో నీటి మీది తళుకు దగ్గర్నుంచి అమ్మాయి చీర జరీ దాకా ఒక్కో పోగు లెక్కపెట్టొచ్చు. మాస్టారికి ఫోన్ చేసి చెబితే, "కదూ!" అని చిన్నపిల్లాడిలా నవ్వారు.

రెండో పని చర్చిలో పెళ్లి. అది ఆషాఢమాసం. ముహూర్తాలుండవు కాబట్టి నాలాంటి వాళ్లకి పస్తుల కాలం. చల్లపల్లి అవతల ఒక ఊళ్లో క్రైస్తవుల పెళ్లి ఉందంటే సంతోషంగా ఒప్పుకున్నాను. పెళ్లికూతురు విజయవాడలో ఒక ఆసుపత్రిలో నర్సు. చిన్నప్పుడే తల్లి పోతే మామ్మ పెంచింది. ఫోన్లో బేరమాడకుండా ఒకే ఒక్క మాట అడిగింది: "మా మామ్మవి ఎక్కువ తీయండి మేడమ్. ఆవిడకి మంచి ఫోటో ఒక్కటి కూడా లేదు."

పెళ్లి నాటి మధ్యాహ్నం మూడింటికే వాన మొదలైంది. మందపాటి గోడల పాత చర్చి అది. చిన్న చిన్న కిటికీలు, వాటికి రంగు అద్దాలు. కరెంటు పోయి ఇన్వర్టరు మీద నాలుగు దీపాలు వెలుగుతున్నాయి. పాస్టరుగారు ముందే చెప్పారు, "ప్రార్థనప్పుడూ ప్రమాణాలప్పుడూ ఫ్లాష్ కొట్టొద్దమ్మా. చర్చి పద్ధతి" అని. ఫ్లాష్ లేకపోతే ఇంక ఐఎస్ఓ పెంచుకోవడమే గతి. ఐఎస్ఓ అంటే కెమెరా కన్ను ఎంత పదునుగా వెలుగుని పట్టాలో చెప్పే అంకె. పెంచేకొద్దీ చీకట్లో కూడా బొమ్మ వస్తుంది గానీ, దానితో పాటు సన్నటి చుక్కలూ వస్తాయి. మా పనివాళ్లం దాన్ని నాయిస్ అంటాం. ఎంత పెంచితే ఎంత నాయిస్ వస్తుందో అంచనా నాకుంది. నాలుగు ఫోటోలు తీసి కెమెరా వెనక తెర మీద చూసుకున్నాను. వెలుగ్గా, నిండుగా ఉన్నాయి. మాస్టారు చెప్పింది నిజమే, ఇది చీకట్లో చూస్తోంది అనుకుని, అదే లెక్కలో రెండు గంటలూ తీసేశాను. మామ్మ కొత్త జంట తలల మీద చేతులు పెట్టి, కళ్లు మూసుకుని ప్రార్థన చేసింది. ఆ ఒక్క సందర్భానికే ముప్పై ఫోటోలు తీశాను.

మర్నాడు పొద్దున వాటిని కంప్యూటర్లో వేసి చూశాను. కెమెరా తెర మీద అంత వెలుగ్గా ఉన్న ఫోటోలు నల్లగా, ముసురు పట్టినట్టున్నాయి. వెలుగు పెంచాను. పెంచేసరికి తెల్ల గౌను మీద ఉప్మారవ్వ చల్లినట్టు చుక్కలు తేలాయి. పెళ్లికొడుకు నల్లకోటులో ఎరుపు, ఆకుపచ్చ, ఊదా మచ్చలు. మామ్మ మొహం ఇసకలో గీసిన బొమ్మలా ఉంది. నేను పెట్టిన ఐఎస్ఓ అంకె దగ్గర అన్ని చుక్కలు రాకూడదు. అసలు కెమెరాలో బాగున్నది కంప్యూటర్లోకి వచ్చేసరికి ఇలా అవడం ఏమిటి?

మా ఆయనకి ఆటోనగర్‌లో లారీ బాడీలు కట్టే షెడ్డు ఉంది. పాత బళ్లు కొనడం, అమ్మడం రోజూ చూసే మనిషి. టిఫిన్ తింటూ నా మొహం చూసి, ఏమైందని అడిగారు. చెప్పాను.

"నే అప్పుడే చెప్పలా?" అన్నారు. "సెకండ్‌హ్యాండ్ సరుకు ఎవడూ ఊరికే అమ్మడు. అందులో ఏదో ఉంటేనే అమ్ముతాడు."

"మాస్టారలాంటి మనిషి కాదండీ."

"మనిషి మంచోడే అయ్యుండొచ్చు. కెమెరా మంచిదని గ్యారంటీ ఏంటి? పగలు బాగుంది, చీకట్లో పాడైందంటున్నావు. బండైనా అంతే, ఖాళీగా బాగానే పరిగెడుతుంది. లోడెక్కించాక తెలుస్తుంది ఇంజన్ సంగతి."

చెయ్యి కడుక్కొచ్చి కెమెరా తిరగేశారు. అడుగున ఉన్న మరలు ఒక్కొక్కటీ గోటితో తడిమి, ఒకదాని దగ్గర ఆగారు. "ఇది చూడు. గాటు పడింది. ఇది ఎవరో విప్పారు."

చూశాను. నిజమే. మర తల మీద తళతళలాడే సన్నటి గీత. అన్నాళ్లూ నా కంట పడని గీత, ఆ క్షణం నుంచీ కెమెరాలో నాకు అదొక్కటే కనిపించడం మొదలుపెట్టింది.

"ఎన్ని ఫోటోలు తీసిందో కెమెరాలో లెక్క ఉంటుందండీ. ఆయన చెప్పినంతే ఉంది, నేను చూశాను" అన్నాను.

"మా దగ్గర మీటర్లు తిప్పడం లేదా?" అని చెప్పులేసుకుని వెళ్లిపోయారు.

ఆ రోజు నేను చేసిన పనులు తలుచుకుంటే నవ్వొస్తుంది. లెన్సుకి మూత పెట్టి, ఐఎస్ఓ పైకంటా పెంచి, మంచం కింద పెట్టి చీకటికి ఫోటోలు తీశాను. వాటిని పెద్దవి చేసి చూస్తే నలుపు మీద ఎర్ర చుక్కలు, తెల్ల చుక్కలు. దొరికింది దొంగ అనుకున్నాను. అలా తీస్తే ఏ కెమెరాకైనా చుక్కలు వస్తాయి. ఆ సంగతి నాకు తెలియనిది కాదు. నా పాత కెమెరాతో కూడా అలా తీసి పోల్చి చూడాలన్న ఆలోచనే రాలేదు. రాలేదో, నేనే రానివ్వలేదో.

అక్కణ్నుంచి పాత మాటలన్నీ కొత్తగా వినిపించసాగాయి. బయటివాళ్లకి ఇవ్వబుద్ధి కావట్లేదన్నారే, ఎందుకు? బయటివాళ్లయితే తిరిగి వచ్చి నిలదీస్తారనా? కెమెరా తీసుకున్న రోజు స్టూడియోలో దీపాలన్నీ వేసి ఎందుకు చూపించారు? ఫోన్లో అంతగా నవ్వారెందుకు? నన్ను పనిలో నిలబెట్టిన మనిషిని గురించి నేను ఇలా ఆలోచిస్తున్నాను.

ఈలోగా ఫోటోలు ఇవ్వాలి. చుక్కలు తుడిచేసే సాఫ్ట్‌వేర్ ఉంటుంది. ఒక గీత ఉంటుంది, దాన్ని కుడివైపుకి జరిపేకొద్దీ చుక్కలు మాయమైపోతాయి. చివరిదాకా జరిపాను. గౌను పాలమీగడలా అయింది. మొహాలన్నీ నున్నగా, మైనం ముద్దల్లా తయారయ్యాయి. కళ్లు నొప్పి పుట్టేదాకా చూసి, ఫరవాలేదులే అని పంపించేశాను.

నాలుగో రోజు పెళ్లికూతురు డ్యూటీ దిగి, తిన్నగా మా ఇంటికే వచ్చింది. కూర్చోమంటే కూర్చుంది గానీ మంచినీళ్లు ముట్టుకోలేదు. ఫోన్ తీసి మామ్మ ప్రార్థన చేస్తున్న ఫోటో నా ముందు పెట్టింది.

"మేడమ్, ఒక మాట అడుగుతాను, ఏమీ అనుకోకండి. మా మామ్మ మచ్చలు మీరు కావాలని తీసేశారా?"

నాకు మొదట అర్థం కాలేదు. తర్వాత గుర్తొచ్చింది. మామ్మకి చిన్నతనంలో స్ఫోటకం పోసింది. మొహం నిండా గుంటల మచ్చలు. చర్చిలో అంత దగ్గర్నుంచి చూశాను. నా గీత జరపడంలో చుక్కలతో పాటు అవీ తుడుచుకుపోయాయి.

"లేదమ్మా, వెలుగు తక్కువై నాయిస్ వచ్చింది. అది తీస్తుంటే..."

"అందరూ అట్లాగే చేస్తారండీ. ఆధార్ ఫోటో తీసినోడు కూడా, నున్నగా చెయ్యనా మామ్మా అని అడిగాడంట. మీకు బాగోలేదనిపించి తీసేశారేమో అనుకున్నాం. ఈ ఫోటో చూపిస్తే మా మామ్మ ఏమందో తెలుసా? 'నా చీర కట్టుకుంది ఎవరే ఈవిడ?' అంది."

ఆ అమ్మాయి కళ్లలో కోపం కంటే అనుమానమే ఎక్కువ కనిపించింది. నేనెంత చెప్పినా, తలూపుతోంది గానీ నమ్మడం లేదు. రెండు వారాల్లో మళ్లీ చేసిస్తానని మాటిచ్చి పంపించాను. ఆమె మెట్లు దిగుతుంటే నాకు ఆమె మీద కాదు, మాస్టారి మీద కోపం వచ్చింది.

మర్నాడు బీసెంట్ రోడ్డు పక్క సందులో కెమెరాలు బాగుచేసే ఒకాయన దగ్గరికి వెళ్లాను. అద్దం కంటికి పెట్టుకుని మరలు చూశాడు.

"ఒకసారి ఓపెన్ చేశారు మేడమ్. మన దగ్గర కాదు."

"సెన్సార్ పోయి ఉంటుందా?"

"చూడందే చెప్పలేం." కెమెరా తిప్పి, పట్టీ చూసి, నా మొహం చూశాడు. "ఇది మాస్టారి కెమెరా కదండీ?"

నేను గబుక్కున కెమెరా తీసుకుని వచ్చేశాను. నాలుగు రోజులు ఆగాను. ఫోన్ చేసి అడగడానికి నోరు రాలేదు. ఎదురుగా కూర్చుని మొహం చూస్తూ అడిగితే నిజం బయటపడుతుందనిపించింది. ఆదివారం పొద్దున మాస్టారు కెమెరాతో పాటే ఇచ్చిన బ్యాగు భుజాన వేసుకుని స్కూటర్ మీద కంకిపాడు బయల్దేరాను. కాలవ గట్టు వెంబడి నాట్లు జోరుగా సాగుతున్నాయి. దారి పొడుగునా ఎలా మొదలుపెట్టాలో మాటలు కూర్చుకుంటూనే ఉన్నాను.

మాస్టారు వరండాలో పేపర్ చదువుతున్నారు. పేపర్ ఆయన చేతుల్లో రెపరెపలాడుతోంది. నన్ను చూసి మడిచి పక్కన పెట్టారు. అమ్మగారు కాఫీ ఇచ్చి లోపలికి వెళ్లారు. దారిలో కూర్చుకున్నది ఒకటి, నోట్లోంచి వచ్చింది ఇంకొకటి.

"చర్చి పెళ్లి ఒకటి తీశాను మాస్టారూ. నాయిస్ బాగా వచ్చింది. కెమెరాలో ఏమన్నా..."

"మొన్న సందులో వాడు ఫోన్ చేశాడు," అన్నారాయన. గొంతులో విసుగూ కోపమూ ఏదీ లేదు. "ఏం మాస్టారూ, దెబ్బతిన్న కెమెరా ఆ అమ్మాయికి అంటగట్టారా అని నవ్వుతా అడిగాడు. అప్పట్నుంచీ చూస్తన్నా, నువ్వెప్పుడొస్తావా అని."

నేను కాఫీ గ్లాసు కింద పెట్టేశాను.

"బ్యాగు పక్క జేబు జిప్పు తియ్యమ్మా" అన్నారు.

తీశాను. నాలుగు మడతల కాగితం ఉంది. చెన్నై సర్వీసు సెంటర్‌ది. కార్డు పెట్టే చోట పిన్ను వంగితే కొత్తది వేసినట్టు రాసుంది. కెమెరా విప్పింది అందుకే. అమ్మకముందు తన ఖర్చుతో బాగు చేయించి, కాగితం నాకోసం అందులో పెట్టారు. ఆ జేబు నేను ఒక్కసారీ తెరిచి చూడలేదు.

"మరి నాయిస్?" అన్నాను. అప్పటికీ నా లోపలి అనుమానం పూర్తిగా చావలేదు.

ఆయన లేచి నన్ను ఇంట్లో మధ్యగదిలోకి తీసుకెళ్లారు. కిటికీ తలుపులు మూసి, "అమ్మగారిని తియ్యి, చర్చిలో ఎలా తీశావో అలాగే" అన్నారు. పూలు కట్టుకుంటున్న అమ్మగారిని తీశాను. వెనక తెర చూసి, "బాగుంది మాస్టారూ, చూడండి" అని చూపించాను.

ఆయన ఫోటో వంక చూడలేదు. వణుకుతున్న వేలితో ఒక బటన్ రెండుసార్లు నొక్కారు. ఫోటో చిన్నదై, పక్కన కొండ ఆకారంలో ఒక గీత వచ్చింది. ఫోటోలో చీకటెంతో వెలుగెంతో చూపించే గీత అది. కొండంతా ఎడమ గోడకి అతుక్కుని ఉంది. అంటే ఫోటో చీకట్లో మునిగిపోయి ఉంది. తర్వాత మెనూలోకి వెళ్లి తెర వెలుగు దగ్గర ఆగారు. అది పైకంటా ఉంది.

"నేనిచ్చినప్పుడు మధ్యలో ఉండాలి ఇది. ఎవరు పెంచారు?"

ఎవరు పెంచారో నాకు అప్పుడు గుర్తొచ్చింది. కృష్ణలో ఇసక మీద, మిట్టమధ్యాహ్నం ఎండలో తెర కనబడక నేనే పెంచాను. పెంచి మరిచిపోయాను. చర్చి చీకట్లో ఆ తెర దీపంలా వెలిగి, చీకటి ఫోటోని వెలుగు ఫోటోగా చూపించింది. నేను దాన్ని నమ్మి, ఇంకా పెంచాల్సిన ఐఎస్ఓని అక్కడే ఆపేశాను. తక్కువ వెలుగుతో తీసి, తర్వాత కంప్యూటర్లో బలవంతంగా పెంచితే నీడల్లో దాక్కున్న చుక్కలన్నీ పైకి లేస్తాయి. ఈ పాఠం నాకు చెప్పింది ఎదురుగా నిలబడ్డ మనిషే.

"ఐఎస్ఓ పెంచడానికి భయపడి తగ్గించుకుంటే నాయిస్ ఇంకా ఎక్కువొస్తుందని చెప్పానా లేదా?"

"చెప్పారు."

"తెర మాట నమ్మొద్దని చెప్పానా?"

"చెప్పారు మాస్టారూ."

కాళ్ల మీద పడదామనుకున్నాను. ఆయన అప్పటికే కిటికీ తలుపులు తీయడానికి అటు తిరిగారు. వాటి గడియతో కాసేపు అవస్థ పడ్డారు. సాయం వెళ్లబోతే వద్దన్నట్టు చెయ్యి ఊపారు.

"ఉన్నవాటినే మళ్లీ చెయ్యండి," అన్నారు బయటికి చూస్తూ. "రంగు చుక్కలు తీసెయ్యండి. ఇసకలాంటి చుక్కలు ఉండనివ్వండి. ప్రింటు వేస్తే సగం కనబడవు. మొహాలు నున్నగా చెయ్యొద్దండీ."

చెయ్యండి. తీసెయ్యండి. పదిహేనేళ్లలో ఆయన నన్ను అండీ అనడం అదే మొదటిసారి. తిట్టినా భరించేదాన్ని. అమ్మగారు భోంచేసి వెళ్లమన్నా ఆగకుండా వచ్చేశాను.

ఆ వారం కూర్చుని ఒక్కో ఫోటో మొదట్నుంచీ చేశాను. గీతను కొంచెమే జరిపి ఆపాను. కొన్ని ఫోటోలు ఎంత చేసినా దక్కలేదు. మామ్మవి ముప్పైలో ఆరు నిలబడ్డాయి. ప్రింట్లు చేతికొచ్చాక నేనే ఆ ఊరు పట్టుకెళ్లాను. పెళ్లికూతురు కూడా సెలవు పెట్టి వచ్చింది. నేను చెప్పిందంతా విని, "మీ కెమెరా స్క్రీన్ తప్పా?" అంది. "నా తప్పు" అన్నాను. అప్పుడు కాస్త నమ్మినట్టనిపించింది.

మామ్మ కళ్లజోడు తుడుచుకుని, వెలుగు కోసం గుమ్మంలోకి వచ్చి ఫోటో పట్టుకుంది. చాలాసేపు చూసింది. చుక్కలు ఉన్నాయి. వాటి కింద ఆవిడ మచ్చలూ ఉన్నాయి. బొటనవేలితో ఫోటోలోని బుగ్గ తడిమి, తర్వాత తన బుగ్గ తడుముకుంది.

"ఈసారి నన్నే తీశావు," అంది. ఫోటో కొంగులో పెట్టుకుని నా వంక తేరిపార చూసింది. "మరి మొన్నటావిడ ఎవరు? ఎవరి పెళ్లికి తీశావు ఆవిడ్ని?"

మనవరాలు నవ్వింది. నేనెంత వివరించినా మామ్మ ఒప్పుకోలేదు. తన చీర ఎవరికీ ఎరువివ్వలేదని మాత్రం గట్టిగా చెప్పింది.

మా ఆయన సంగతీ అంతే. జరిగిందంతా చెబితే, "తెర వెలుగు పెరిగితే ఫోటో చెడుతుందా? నీ ముందర ఏదో నొక్కి సరిచేసి పంపించుంటాడాయన" అన్నారు. కెమెరా వెనక తెర వెలుగు తగ్గించి, పెంచి, రెండు ఫోటోలు తీసి చూపించాను. చూసి, "ఏమో మరి" అన్నారు. ఆయన్ని చూస్తే నన్ను నేను చూసుకున్నట్టుంది. ఎక్కువ వాదించలేదు.

మామ్మ ఫోటో ఒకటి పెద్దది వేయించి కంకిపాడు పంపించాను. ఉత్తరం రాయబోయి నాలుగుసార్లు చింపేసి, చివరికి ఉత్తరం లేకుండానే పంపాను. వారం దాకా ఏ కబురూ లేదు. ఆ వారమంతా ఫోన్ మోగినప్పుడల్లా ఉలిక్కిపడ్డాను. ఫోటో అందిందో లేదో, అందినా చూశారో లేదో, చూసి పక్కన పడేశారేమో అని ఇంకో రకం అనుమానాలు.

ఎనిమిదో రోజు ఆయనే చేశారు.

"ఫోటో అందింది. మచ్చలు బాగా నిలబెట్టారు" అన్నారు. అంతటితో పెట్టేస్తారేమో అనుకున్నాను. "ఎడంపక్క రంగు అద్దాల కిటికీ ఉందిగా. మీరు రెండడుగులు కుడికి జరిగి తీసుంటే ఆ వెలుగు ఆవిడ మూసిన కళ్ల మీద పడటం కనిపించేది. ఎందుకు జరగలేదు?"

"బల్ల అడ్డమొచ్చింది మాస్టారూ."

"బల్ల ఎక్కాల్సింది" అన్నారు.

"చర్చి కదండీ, బాగోదని..."

"అదీ నిజమేలెండి," అని, ఇంకో మూడు తప్పులు చెప్పారు. నేను కాగితం తీసుకుని రాసుకున్నాను. అన్నీ 'మీరు' అంటూనే చెప్పారు. ఇప్పటికీ అలాగే అంటారు.